మిషన్ స్టేట్‌మెంట్ రాసే ముందు పెద్దమ్మ మాట ఒకసారి విను

తల్లీ,

వైజాగ్‌లో ఉద్యోగం మానేసి కాశీబుగ్గ జీడిపప్పు ప్యాకెట్లు కట్టి ఆన్‌లైన్లో అమ్ముతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. నాకైతే ముందు సంతోషమే వేసింది, మన ఇంటి ఆడపిల్ల మన ఊరి పప్పు మీద సొంత పేరు వేసుకుంటానంటే ఎవరికి ఆనందం కాదు చెప్పు, కానీ ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పొద్దున్నే నువ్వు వాట్సాప్‌లో పంపిన మిషన్ స్టేట్‌మెంట్ మీ పెదనాన్న చేత రెండుసార్లు చదివించుకున్నాను.

"ప్రపంచస్థాయి నాణ్యతతో ప్రీమియం డ్రైఫ్రూట్ అనుభవాన్ని ప్రతి ఇంటికీ అందించడమే మా ధ్యేయం." ఏటమ్మా ఇది? ఇందులో జీడిపప్పు ఏది? పలాస ఏది? నువ్వెక్కడ? ఇదే వాక్యం బాదంపప్పు అమ్మేవాడూ రాసుకోవచ్చు, సబ్బులు అమ్మేవాడూ రాసుకోవచ్చు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు కదా, ఆ ఒక్క ముక్క చెబితే చాలు, వాళ్ల ఖద్దరు ఎలాంటిదో వినేవాడికి తెలిసిపోతుంది. నీ వాక్యంలో అలాంటి ముక్క ఒకటైనా ఉండాలి.

చిన్న సంగతులు గబగబా చెప్పేస్తాను. రెండు వాక్యాలు దాటనీకు. ముందు తెలుగులో రాయి, ఇంగ్లీషు తర్వాత. పదేళ్లకు ఎక్కడ ఉంటావన్నది విజన్, ఇవాళ ఎవరికి ఏం ఎలా అమ్ముతున్నావన్నది మిషన్, రెండూ కలిపి కలగాపులగం చేయకు. ప్రీమియం అనే మాట తీసేసి గ్రేడు చెప్పు: డబ్ల్యూ 240 అంటే పౌండు బరువుకు 240 లోపు గుండు పప్పులు, డబ్ల్యూ 320 అయితే కాస్త చిన్నవి. లెక్క చెప్తే నమ్ముతారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

మేం జీడిపప్పు ఒలిచే షెడ్డు పెట్టిన కొత్తలో మీ పెదనాన్న అట్టపెట్టెల మీద అంటించడానికి లేబుళ్లు వేయించాడు: "ఉద్దానం తోటల పిక్క, మా ఊరి చేతుల పప్పు." ఎంత ముచ్చటపడ్డామో. ఆ మాట నిజం కూడా. ఏటా మార్చి నుంచి మే దాకా వజ్రపుకొత్తూరు, మందస తోటల నుంచి పిక్క, అంటే పెంకుతో ఉన్న జీడిగింజ, వచ్చేది, 80 కిలోల బస్తాకి 20 కిలోలకు పైనే పప్పు దిగేది. విజయనగరంలో ఒక స్వీట్ షాపు ఆయన ప్రతి దసరాకీ మా దగ్గరే కొనేవాడు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. అంటు మొక్క ఇప్పుడు నాటినా కాపుకి మూడు నాలుగేళ్లు. మరుసటి వేసవికి మాకు సరిపడా ఉద్దానం పిక్క దొరకలేదు, ఆ షాపాయన దగ్గర అడ్వాన్సు అప్పటికే తీసుకుని వాడేశాం. వైజాగ్ పోర్టుకి దిగిన ఆఫ్రికా పిక్క కొన్నాం. అది చెడ్డ పిక్క కాదు, అందరూ ఆడించేదే. కానీ పాత లేబుళ్లు రెండు కట్టలు మిగిలి ఉన్నాయి, వాటినే అంటించమని నేనే చెప్పాను. మీ పెదనాన్న కాదు, నేనే. పొట్టు తీసే ఆడవాళ్లు బస్తాల మీది పరాయి అక్షరాలు రోజూ చూస్తూనే ఉన్నారు, ఒక్కరూ నన్నేం అడగలేదు, తల దించుకుని లేబుల్ అంటించారు.

ఆ షాపాయన ఏదో పెళ్లికి పలాస వచ్చి, చెప్పకుండా షెడ్డుకి వచ్చాడు. గోనె బస్తాల వైపు చూశాడు. గొడవ చేయలేదు. ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, ఇక్కడేం రాసుందో ఒకసారి చదువు" అన్నాడు. "ఉద్దానం తోటల" దాకా చదివాను. తర్వాత నోరు పెగల్లేదు. ఆ దసరా నుంచి ఆయన మళ్లీ రాలేదు.

అందుకే నువ్వు రాసే ప్రతి మాటనీ తుఫాను వచ్చిన ఏడాదిలో పెట్టి చూడు. ఆ ఏడాది కూడా నిలబడే మాటైతే ఉంచు. నిలబడదనిపిస్తే ఇప్పుడే కొట్టేయి, లేదా పరిస్థితి మారిన రోజునే ప్యాకెట్ మీది మాట కూడా మార్చు, పాత స్టిక్కర్లు ఎన్ని మిగిలినా సరే పొయ్యిలో వేసేయి.

ఇంకోటి. నీ కాగితంలో కస్టమర్ ఉన్నాడు, క్వాలిటీ ఉంది, పొట్టు తీసేవాళ్లు లేరు. పిక్క కొట్టేవాళ్ల వేళ్లు దగ్గర్నుంచి చూశావా ఎప్పుడైనా? పెంకులోని జీడి రసం అంటి గోళ్ల చుట్టూ నల్లబడి, చర్మం పొక్కి లేస్తుంది. నూనె, బూడిద రాసుకుని కూర్చుంటారు. పిక్క అంతా వేసవిలోనే కొని పెట్టాలి, అమ్మకం దసరా దీపావళికి, ఆ మధ్య నెలల్లో చేతిలో డబ్బు ఆడక ముందు ఆపేది వాళ్ల కూలే. నువ్వలా చేస్తావని కాదు తల్లీ, కానీ అప్పు నెత్తి మీదుంటే మంచివాళ్లూ చేస్తారు, నేను చూశాను. మూడు నెలల కూలి విడిగా బ్యాంకులో వేశాకే మొదలుపెట్టు, ఇందులో మాత్రం నాతో వాదించకు.

నేనైతే ఇలా రాస్తాను: "కాశీబుగ్గలో ఒలిచిన జీడిపప్పుని, పిక్క ఎక్కడిదో, ఏ గ్రేడో, ఏ నెలలో ఒలిచామో ప్యాకెట్ మీదే చెప్పి ఇళ్లకు అమ్ముతాం. పని చేసినవాళ్ల కూలి శనివారం దాటనివ్వం." నీకు నచ్చకపోతే నీ మాటల్లో రాసుకో, నీ చదువు నాకు లేదు.

ఆదివారం కాగితం పట్టుకుని రా. షెడ్డులో అందరూ ఉన్నప్పుడు పైకి చదువు, ఎక్కడ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారో అక్కడ పెన్నుతో గీత పెట్టుకో. పలాస స్టేషన్‌కి పెదనాన్న బండి తెస్తాడు. రైలెక్కే ముందు ఏదైనా తిను, నీరసంగా కనిపిస్తే మీ అమ్మ నన్నే అంటుంది.

మీ పెద్దమ్మ