ఆ పెట్టె మళ్లీ తెరువు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ మాట విని మనసు చివుక్కుమంది. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లు గోల భరించలేమన్నారని సాక్సోఫోన్ పెట్టెలో పెట్టేశావట. ముందు ఆ పెట్టె తెరువు. తర్వాత సోనీ రోలిన్స్ అనే అమెరికన్ జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడి సంగతి విను.

1930లో న్యూయార్క్‌లో పుట్టాడు. 1956లో చేసిన ‘సాక్సోఫోన్ కొలోసస్’ రికార్డుతో జాజ్ లోకం ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. మూడేళ్లు తిరిగేసరికి కచేరీలు మానేశాడు. వచ్చిన పేరుకు తన వాయించడం సరితూగడం లేదనిపించింది ఆయనకు. ఇంట్లో సాధన చేద్దామంటే పక్కింట్లో గర్భిణి. అందుకని సాక్సోఫోన్ తీసుకుని విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి ఎక్కాడు. పక్కన రైళ్లు, కింద పడవలు. ఆ రొదలో తన శబ్దం తనకు వినబడాలంటే నిండుగా ఊదాల్సిందే. 1959 నుంచి 1961 దాకా, చలికాలంలో కూడా, అక్కడే సాధన.

నువ్వు పొద్దున్నే చెరువు గట్టుకో, కాలేజీ గ్రౌండుకో వెళ్లు. మొదటి ఇరవై నిమిషాలు పాటల జోలికి పోకు. ఒక్కో స్వరాన్ని ఊపిరి అయిపోయేదాకా వణక్కుండా నిలబెట్టు. పెళ్లిళ్ల బ్యాండులో చేరిన కొత్తలో నేను ఇది ఎగ్గొట్టి పాటల మీద పడ్డాను. ఊరేగింపు మూడో వీధి తిరిగేసరికి పెదవి పట్టు సడలి, శ్రుతి పోయేది. అది దిద్దుకోవడానికి ఏళ్లు పట్టింది.

రోజుకో ఆల్బమ్ వింటున్నానన్నావు కదా, అది కూడా ఆపు తల్లీ. ‘కొలోసస్’లో మొదటిది ‘సెయింట్ థామస్’. ఆ ఒక్కటీ నెల రోజులు విను. రోలిన్స్ వాళ్లమ్మది కరీబియన్‌లో వర్జిన్ దీవులు. చిన్నప్పుడు అమ్మ నోట విన్న బాణీ అది. సోలో, అంటే తను ఒక్కడే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే భాగం, ఎలా ఎత్తుకుంటాడో గమనించు. రెండే స్వరాలు. వాటినే తాళానికి కాస్త ముందు వేస్తాడు, కాస్త వెనక వేస్తాడు, మధ్యలో ఖాళీ వదుల్తాడు. ఆ ఖాళీల్లో మ్యాక్స్ రోచ్ డ్రమ్స్ మాట్లాడతాయి. ఎంతసేపటికీ తొందరపడడు. నాకు ఇన్నేళ్లయినా ఒళ్లు పులకరిస్తుంది. దాన్ని ముందు నోటితో పాడు, పూర్తిగా వచ్చాకే వాయించు.

ఆ తర్వాత 1957 నాటి ‘వే అవుట్ వెస్ట్’ విను. పియానో లేదు, బేస్, డ్రమ్స్ మాత్రమే. సాక్సోఫోన్‌కు దాక్కోవడానికి చోటే ఉండదు.

బ్రిడ్జి దిగి వచ్చాక 1962లో ‘ది బ్రిడ్జ్’ అని రికార్డు ఇచ్చాడు. ఏదో కొత్త విప్లవం తెస్తాడనుకున్న విమర్శకులు కొందరు పెదవి విరిచారు. నాకు మాత్రం జిమ్ హాల్ గిటార్‌తో ఆయన మాటకు మాట కలిపిన తీరు ప్రాణం. వీడియో పెడితే ఎవరేమంటారో అన్న టెన్షన్ నీకూ ఉందని తెలుసు. ఈ ఆరు నెలలు ఏ వీడియో పెట్టకు.

శనివారం రా. సాక్సోఫోన్ మూతికి బిగించే పలుచటి పుల్లలు, కొత్త రీడ్లు రెండు తెచ్చిపెట్టాను. ఆ రెండు స్వరాల దగ్గర నుంచి ఎంతవరకు పాడగలవో వింటాను.

మీ మామయ్య