ఆ పేజీలు వదిలేసి చదువు, తప్పేం లేదు

తమ్ముడూ, జీనెట్ వింటర్సన్ నవల 'ఆరెంజెస్ ఆర్ నాట్ ది ఓన్లీ ఫ్రూట్'లో ఇంకో అమ్మాయిని ప్రేమించిందని ఆ కథలోని పిల్లని చర్చి పెద్దలు గదిలో బంధించే చోట చేతులు వణికాయనీ, ఇంట్లోవాళ్ళు నిన్ను 'మార్చడానికి' కట్టించిన తాయెత్తు గుర్తొచ్చి నిద్రపట్టలేదనీ రాశావు. ఆ పేజీలు వదిలెయ్, నవలని వరసగానే చదవాలని రూలేం లేదు. చివరి అధ్యాయం ముందు చదువు. ఆ పిల్ల బయటపడి, సొంతకాళ్ళ మీద నిలబడి, వాళ్ళమ్మని చూడ్డానికి మళ్ళీ ఇంటికి కూడా వస్తుంది, వాళ్ళమ్మేమో రేడియో సెట్ ముందేసుకుని తన లోకంలో తనుంటుంది. అది తెలిశాక వెనక్కొస్తే అంత టెన్షన్ ఉండదు.

రాత్రిపూట, ఇంట్లో, దొంగచాటుగా మాత్రం వద్దు. పగలు ఎస్వీ యూనివర్సిటీ వైపు వెళ్ళి చెట్టు కింద కూర్చుని కొంచెం చదివి మూసెయ్.

ఇంకా తిరుమల కొండకి వెళ్ళాలనిపిస్తోంది, అది తప్పా అన్నావు. అస్సలు కాదు, నిశ్చింతగా వెళ్ళు. ఆ నవలలో పిల్ల కూడా చర్చికి దూరమయ్యాక దేవుడి కోసం బెంగపెట్టుకుంటుంది, నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే.

ఏ డాక్టరైనా నిన్ను మారుస్తానంటే నమ్మకు, స్వలింగ ప్రేమని 'మార్చే' అలాంటి వైద్యాన్ని 2022లోనే డాక్టర్లని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ వృత్తిపరమైన తప్పుగా తేల్చింది. నిద్ర ఇలాగే పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.