జెఫిర్‌లో (చిన్న చిప్‌ల కోసం వాడే ఆపరేటింగ్ సిస్టమ్) సొంత డ్రైవర్ రాస్తే లింకర్ దగ్గర 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని ఎందుకొస్తుంది?

ఎర్రర్‌లో 'డివైస్ డీటీఎస్ ఆర్డ్' అని ఉండి పక్కన ఓ నంబర్ కనిపిస్తోందా? అయితే మీ సీ కోడ్‌ని అనుమానించే ముందు డివైస్‌ట్రీ (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో చెప్పే వివరణ), కేకాన్ఫిగ్ (బిల్డ్‌లోకి ఏవి రావాలో ఎంచుకునే సెట్టింగులు) చూడండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

లైనక్స్‌లో అయితే డివైస్‌ట్రీని కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు చదువుకుంటుంది కదా, జెఫిర్‌లో అలా కాదు, బిల్డ్ టైమ్‌లోనే పైథాన్ స్క్రిప్టులు దాన్ని చదివేసి సీ మాక్రోలుగా మార్చేస్తాయి, ఎందుకంటే కొన్ని కిలోబైట్ల ర్యామ్ ఉన్న చిప్‌లో రన్‌టైమ్‌లో పార్స్ చేసుకుంటూ కూర్చోలేం. సో మీ అప్లికేషన్ డివైస్‌ట్రీలోని ఒక నోడ్‌ని (ఒక హార్డ్‌వేర్ ఎంట్రీని) అడుగుతోంది, కానీ దానికి డివైస్ ఆబ్జెక్ట్ తయారుచేసే డ్రైవర్ ఫైల్ అసలు కంపైలే అవ్వలేదు. అదీ సంగతి.

ముందు బిల్డ్ ఫోల్డర్‌లో జెఫిర్ డీటీఎస్ ఫైల్ తెరిచి నోడ్ స్టేటస్ 'ఓకే' అని ఉందో లేదో చూడండి. తర్వాత డాట్ కాన్ఫిగ్‌లో (కేకాన్ఫిగ్ తుది సెట్టింగులు ఉండే ఫైల్) మీ డ్రైవర్ ఆప్షన్ 'వై' అయిందా, సీమేక్‌లో ఫైల్ కలిపారా చూసుకోండి. సెన్సర్ డ్రైవర్ అయితే సెన్సర్ సబ్‌సిస్టమ్, అది వాడే బస్ (ఐ2సీ లాంటిది) కూడా ఆన్ అయి ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇంకోటి, నోడ్‌ని డ్రైవర్‌తో జతచేసే 'కంపాటిబుల్' పేరులో కామా, హైఫన్ ఉంటే డ్రైవర్‌లో అవి అండర్‌స్కోర్లుగా రాయాలి, అన్నీ చిన్న అక్షరాలే. ఒక్క అక్షరం తేడా వచ్చినా మాక్రో సైలెంట్‌గా ఖాళీ అయిపోతుంది, ఎర్రర్ మాత్రం లింకర్ దగ్గరే పేలుతుంది (దీన్ని డిజైన్ చేసినవాళ్లకి ఓ దండం).

అన్నీ సరిగ్గానే ఉన్నాయనిపిస్తే వెస్ట్‌తో (జెఫిర్ కమాండ్ లైన్ టూల్) ప్రిస్టీన్ బిల్డ్ ఒకటి కొట్టండి, అంటే పాత బిల్డ్ తుడిచేసి మొదటినుంచి చేయడం, పాత క్యాష్ వల్ల కూడా అప్పుడప్పుడు ఇలా అవుతుంది.