సిబ్బంది వార్తలు రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

మన మతగ్రంథాల ప్రచురణ సంస్థ సిబ్బంది వార్తల పత్రికను ఇకనుంచి నీకు అప్పజెప్పారని విని చాలా సంతోషించాను. "ఇంత చిన్న సంస్థలో ఏ సంగతైనా అందరికీ ముందే తెలిసిపోతుంది కదా, నెలాఖరున నేను కొత్తగా రాసేదేముంది?" అని అడిగావు. చాలామంది ఆ ప్రశ్న వేసుకోకుండానే మొదలుపెడతారు. నువ్వు వేసుకున్నావు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నోటిమాటగా తిరిగే వార్తకు రెండు లోపాలుంటాయి. ఒకటి, తిరిగేకొద్దీ మారిపోతుంది. ఎవరో రెండు వారాలు సెలవు పెడితే నాలుగో రోజుకల్లా వాళ్లు ఉద్యోగం మానేస్తున్నారని చెప్పుకుంటారు. రెండోది, అది ఎప్పుడూ కొందరి చుట్టూనే తిరుగుతుంది. సంపాదకుడి గదిలో ఏం జరిగిందో అందరికీ కావాలి. డైరెక్టరుగారి ప్రయాణం సంగతి అందరికీ తెలుసు. గోడౌన్‌లో పార్సిళ్లు కట్టే మనిషి ఈ నెల ఎలా ఉన్నాడో, ఆఫీసు తెరవకముందే వచ్చి గదులు ఊడ్చి వెళ్లే ఆమె పూర్తి పేరేమిటో అడిగిచూడు, ఎంతమంది చెప్పగలరో! నీ పని అక్కడుంది. ఎవరి గురించి మాట రాదో వాళ్ల దగ్గర కూర్చుని, విని, రాసింది వాళ్లకే చూపించి, అప్పుడు అచ్చుకివ్వు. ఇది చేస్తే పత్రికలో ఇంకేమీ లేకపోయినా ఫరవాలేదు.

మన అచ్చు వృత్తిలో, పని చేసినవాళ్ల మాట రాని ఈ లోటు చాలా పాతది. తేదీ ఉన్న అచ్చుపుస్తకాల్లో ఇప్పటికి మిగిలిన అతి పాతది ఒక బౌద్ధ మతగ్రంథమే. చైనాలో 868లో చెక్క అచ్చులతో వేసిన వజ్రసూత్రం అది. డన్‌హువాంగ్ గుహల్లో దొరికింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. వాంగ్ జియే అనే వ్యక్తి తన తల్లిదండ్రుల పేరున, ఉచితంగా పంచడానికి వేయించాడని చివర రాసి ఉంటుంది. వేయించినాయన పేరు, ఆయన భక్తి, తేదీ అన్నీ తెలుస్తాయి. ఒక్కో అక్షరం తిరగేసి చెక్కిన మనుషులెవరో మాత్రం అందులో లేదు. పుస్తకం మీద అందరి పేర్లూ వేయలేమన్నది నిజమే. నీ పత్రికలో వేయొచ్చు. ఈ నెల ఏ పుస్తకం వచ్చిందో రాసేటప్పుడు రచయిత పేరుతో ఆపకు. టైపు చేసిందెవరు, అచ్చుకు ముందు ప్రూఫులు చూసి తప్పులు దిద్దిందెవరు, ముఖపత్రం చేసిందెవరు, ప్రెస్సుకు తిరిగిందెవరు, మొదటి కట్ట పార్సిల్ చేసిందెవరు, అందరి పేర్లూ రాయి. నాలుగు లైన్లు ఎక్కువ పడతాయి, అంతే.

ప్రూఫులు చూసేవాళ్ల సంగతి కాస్త ఎక్కువగా చెప్పాలి. మామూలు పుస్తకంలో అచ్చుతప్పు పడితే పాఠకుడు విసుక్కుంటాడు. మతగ్రంథంలో పడితే మనసు నొచ్చుకుంటుంది. 1631లో లండన్‌లో రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకాస్ అనే ముద్రాపకులు వేసిన బైబిల్లో, వ్యభిచరించకూడదనే ఆజ్ఞలో 'కూడదు' అనే అర్థమిచ్చే మాట ఎగిరిపోయింది. వాళ్లకు 300 పౌన్ల జరిమానా పడింది, ప్రతులను వెనక్కి రప్పించి నాశనం చేశారు. దాదాపు నాలుగు వందల ఏళ్లయినా లోకం ఆ తప్పును మర్చిపోలేదు. అంతకు ముందూ ఆ తర్వాతా అలాంటి తప్పులు ప్రూఫులోనే పట్టుకుని ఆపినవాళ్లు ఎందరున్నారో! వాళ్ల గురించి ఎక్కడా ఒక్క ముక్క కనపడదు. ఎందుకంటే జరగని తప్పు ఎవరికీ కనిపించదు. పడిన తప్పుకు మాత్రం ఫోన్లొస్తాయి, ఉత్తరాలొస్తాయి, మీటింగులు జరుగుతాయి. ప్రూఫ్‌రీడర్లకుండే టెన్షన్ అదే.

కాబట్టి నెలకోసారి వాళ్ల బల్ల దగ్గరికెళ్లి, "ఈసారి ఏం పట్టుకున్నారు?" అని అడుగు. మొదట ఏమీ లేదంటారు. కూర్చో, లేవకు. కాసేపటికి ఒకటి బయటికొస్తుంది. ఒక ఒత్తు పోయి దేవుడి పేరే మారిపోయిందనో, అధ్యాయం సంఖ్య ఒకటి ఎగిరి విషయసూచిక అంతా జరిగిపోయిందనో చెబుతారు. అది రాయి. ఆ తప్పు చేసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా రానివ్వకు. ఏ పుస్తకమో కూడా చెప్పనక్కర్లేదు. పట్టుకున్న మనిషి పేరు చాలు.

బైండింగ్ దగ్గరా అంతే. 320 పేజీల పుస్తకమంటే 16 పేజీల ఫారాలు, అంటే ఒకే కాగితం మీద అచ్చువేసి మడిచినవి, 20. వాటిని వరసగా పేర్చాలి. ఒక్కో ఫారం మడత వీపు మీద చిన్న నల్లగీత ఉంటుంది. ఫారాలన్నీ సరిగ్గా పేరిస్తే ఆ గీతలు వాలుగా, ఒకదాని కింద ఒకటి దిగుతూ కనిపిస్తాయి. ఎక్కడైనా వరస తెగిందంటే ఒక ఫారం లేదనో, రెండుసార్లు పడిందనో అర్థం. చెయ్యి తిరిగినవాళ్లకు కట్టను అలా తిప్పి చూస్తే తెలిసిపోతుంది. మన ఆఫీసులో అకౌంట్లు చూసేవాళ్లకు ఇది తెలుసా? అలాగే ఏడాది చివర స్టాకు లెక్క తేల్చడానికి అకౌంట్లవాళ్లు ఎంత అవస్థ పడతారో సంపాదక విభాగానికి తెలుసా? పక్కగది పని తెలిస్తే పక్కగది మీద కోపం తగ్గుతుంది. ఇది నేను గట్టిగా నమ్ముతాను. ప్రతి సంచికలో ఒక్కరి పని గురించి, ఆ పని ఎలా జరుగుతుందో ఆ మనిషి చెప్పినట్టే రాయి. "అంకితభావంతో పనిచేస్తున్నారు" లాంటి మాటలు వద్దు. అవి ఎవరికైనా అతుకుతాయి, ఎవరి గురించీ ఏమీ చెప్పవు.

ఇప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిన విషయానికి వస్తాను. మనది దేవుడి మాట అచ్చువేసే సంస్థ కాబట్టి ఒకరి కష్టం కోసం అందరం ప్రార్థన చేస్తాం. ఇది మనకున్న గొప్ప బలం, కాదనను. అయితే జబ్బు సంగతి ఆ మనిషిది. నాకు తెలిసిన ఒక సంస్థలో, అందరూ ప్రార్థించాలనే మంచి ఉద్దేశంతోనే, ఒకామెకు జరగబోయే ఆపరేషన్ వివరాలు సిబ్బంది పత్రికలో వేశారు. ఆమె తన ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకా చెప్పుకోలేదు. పత్రిక ఒకరి సంచీలో ఇంటికి వెళ్లింది, అక్కడినుంచి ఆమె ఇంటికీ చేరింది. ఆమె ఎవరితోనూ గొడవపడలేదు, కాకపోతే ఆ తర్వాత ఆఫీసులో ఎవరితోనూ తన విషయాలు చెప్పుకోవడం మానేసింది.

అందుకని అనారోగ్యం, అప్పు, ఇంట్లో గొడవ, పిల్లల సమస్య, ఇవేవీ ఆ మనిషి నోటితో "వెయ్యి" అనకుండా వేయకు. వాళ్ల అన్నయ్య చెప్పాడనో, పై అధికారి ఫరవాలేదన్నారనో సరిపెట్టుకోకు. సరేనన్నాక కూడా రాసిన వాక్యాలు వాళ్లకు చదివి వినిపించు. "మన సహోద్యోగి ఒకరి కోసం ప్రార్థించండి" అని పేరు లేకుండా వేద్దామనుకుంటావేమో. చిన్న సంస్థలో ఆ ఒకరెవరని సాయంత్రం దాకా ఊహించుకుంటూనే ఉంటారు. దానికన్నా ఏమీ వేయకపోవడమే మేలు. సంతోష వార్తలకూ ఇదే పద్ధతి పెట్టుకో. పెళ్లి కుదిరిందనీ బిడ్డ పుట్టబోతోందనీ వాళ్లే చెప్పుకోవాలనుకుంటారు, ఎప్పుడు చెప్పాలో వాళ్లకో లెక్క ఉంటుంది.

భక్తిని కొలిచే పని కూడా పెట్టుకోవద్దు. ఉదయం ప్రార్థనకు ఎవరు క్రమం తప్పకుండా వస్తున్నారు, ఎవరు ఉపవాసమున్నారు, ఎవరెంత విరాళమిచ్చారు, ఇవి పత్రికలోకి రాకూడదు. మన దగ్గర పనిచేసే అందరిదీ మన నమ్మకమే అయి ఉండాలని ఎక్కడా లేదు. డిజైన్ చేసే కుర్రాడిది వేరే మతం కావచ్చు. లెక్కలు చూసే ఆయనకు ఏ నమ్మకమూ లేకపోవచ్చు. ఇద్దరి చెయ్యీ పడకపోతే మన పుస్తకం బయటికి రాదు. వాళ్లు నీ పత్రిక తెరిచినప్పుడు తమది కూడా అనిపించాలి. అందుకే చెబుతున్నాను, ఏ మనిషి నోట్లోనూ భక్తి మాటలు నువ్వు పెట్టకు. గోడౌన్ మనిషి "నడుము నొప్పిగా ఉంటోంది, అయినా పని నచ్చుతుంది" అంటే అలాగే రాయి. దాన్ని "ఇదంతా దైవసేవగా భావిస్తున్నానన్నారు" అని మార్చావంటే అతను నీతో మళ్లీ మాట్లాడడు, మాట్లాడినా నువ్వు వినాలనుకున్నదే చెబుతాడు.

ఆ సేవ అనే మాట దగ్గర ఇంకో సంగతి. పునర్ముద్రణ తొందరలో రాత్రిళ్లు కూర్చుని పనిచేసినవాళ్లుంటారు. "సేవాభావంతో రాత్రింబవళ్లు శ్రమించారు" అని రాయడం తేలిక. అలా రాసే ముందు, వాళ్లకు అదనపు పనికి డబ్బు ముట్టిందా, బదులు సెలవు దొరికిందా అని కనుక్కో. ముట్టకపోతే ఆ పొగడ్త అచ్చులో చూసుకుని వాళ్లు సంతోషపడరు, మండిపడతారు. వాళ్లు సరేనంటే డైరెక్టరుగారి దగ్గర ఆ మాట ఎత్తు. పత్రికలో గొడవ పెట్టమని అనడంలేదు. కానీ నీ పత్రికలో పొగడ్త జీతానికి బదులుగా రాకూడదు.

డైరెక్టరుగారి పేజీ ఒకటి ఎలాగూ ఉంటుంది. అరపేజీ దాటనివ్వకు. ఫొటోలు, పుట్టినరోజులు, కొత్త పుస్తకాల జాబితా, ఇవన్నీ నీకు చెప్పేదేముంది, చేసుకుంటావు.

బయట ఉండి మన పని చేసేవాళ్లను మర్చిపోకు. ఇంట్లో కూర్చుని అనువాదం చేసేవారు, పుస్తకానికింతని తీసుకుని ప్రూఫులు చూసేవారు, రిటైరైనా ఫోన్ చేస్తే సందేహం తీర్చేవారు, వీళ్లెవరూ జీతాల పట్టీలో ఉండరు. ఆంట్వర్ప్ నగరంలో క్రిస్టోఫ్ ప్లాంటిన్ అనే ముద్రాపకుడు 1568లో ఒక బహుభాషా బైబిల్ అచ్చు మొదలుపెట్టాడు. హీబ్రూ, గ్రీకు, సిరియాక్, అరమాయిక్, లాటిన్ పాఠాలతో 8 పెద్ద సంపుటాలు. దాని సంపాదకుడు అరియాస్ మోంటానో పేరు చరిత్ర పుస్తకాలన్నిటిలోనూ ఉంటుంది. అయితే ఆ ప్రూఫుల పనిలో ప్లాంటిన్ కూతురు మాగ్దలేనా కూడా ఉంది, అప్పటికింకా చిన్నపిల్ల. మోంటానో దగ్గరికి ప్రూఫులు తీసుకెళ్లేది, ఆ భాషల పాఠాలు చదివి వినిపించేది. ఈ సంగతి మనకెలా తెలిసిందంటే, 1570లో ప్లాంటిన్ ఒక ఉత్తరంలో తన కూతుళ్లు ఒక్కొక్కరూ ఏం పని చేస్తున్నారో రాశాడు కాబట్టి. ఆ ఉత్తరం లేకపోతే ఆ అమ్మాయి మనకు లేదు. ఇలా బయటినుంచి పనిచేసేవాళ్లందరికీ పత్రిక కాపీ పోస్టులో పంపించు, వాళ్ల వార్తలూ అడిగి తెప్పించు.

వెళ్లిపోయేవాళ్ల గురించి రాయడం అన్నిటికన్నా కష్టం. రిటైరయ్యేవాళ్లకైతే సభ ఉంటుంది, శాలువా ఉంటుంది. ఇంకో ఉద్యోగం దొరికి వెళ్లేవాళ్లు, పొసగక వెళ్లేవాళ్లు మాత్రం ఒక నెల ఉంటారు, మరుసటి నెల పత్రికలో అసలు లేనట్టే మాయమవుతారు. మతసంస్థల్లో ఇది మరీ ఎక్కువ. ఇక్కడినుంచి వెళ్లడమంటే దేవుడి పని వదిలేయడమన్నట్టు చూస్తారు. అలా చూడొద్దు. ఎన్నాళ్లు పనిచేశారు, ఏ పుస్తకాల్లో వాళ్ల చెయ్యి ఉంది, ఇది రాసి మంచి జరగాలని కోరుకుని ఊరుకో. కారణాలు రాయకు, ఊహించకు. ఎవరైనా చనిపోతే, కుటుంబాన్ని కలిసి, వాళ్లు ఒప్పుకున్నాకే రాయి. ఆ మనిషి చేసిన పనిని తెలిసిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడు. వాళ్లలో ఒక్కరైనా ఆయనతో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లై ఉండాలి.

ఇక చివరగా, ప్రతి సంచికవీ రెండు కాగితం కాపీలు తీసి ఏడాదికోసారి బైండు చేయించు. కంప్యూటర్లు మారతాయి, ఫైళ్లు పోతాయి, పాత ఫాంట్లు తెరుచుకోవు. ఒకటి ఆఫీసులో ఉంచి, ఇంకొకటి వేరే చోట పెట్టు. ఎప్పుడో ఎవరో ఒక పాత పుస్తకం మళ్లీ వేయాలనుకున్నప్పుడు, దాని మొదటి ముద్రణ ఎవరు చూశారో వెతుక్కోవాల్సి వస్తుంది, ఆ పేర్లు అందులోనే దొరుకుతాయి.

మొదటి సంచిక ప్రూఫు నాకు పంపిస్తానన్నావు. పంపించు, తప్పకుండా చూస్తాను. పేర్లు, ఇంటిపేర్లు మాత్రం నన్ను చూడమనకు. అవి ఎవరివి వాళ్ల దగ్గరికే తీసుకెళ్లి, వాళ్ల చేతే సరిచూయించుకో.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి