కంట్లో ఇంజెక్షన్ల బదులు రేడియేషన్ పెట్టించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. కుడి కంటికి వెట్ ఏఎండీ (వయసుతో చూపు మధ్యభాగం దెబ్బతినే జబ్బు) అని చెప్పి ఏడాదిన్నరగా ఇంజెక్షన్లు వేస్తున్నారు. ఆరు వారాలు దాటితే మళ్లీ నీరు చేరుతోంది. సూది అంటేనే ఆయనకు టెన్షన్. ఒక్కసారి రేడియేషన్ ఇస్తే ఇక ఇంజెక్షన్లు అక్కర్లేదని ఒక వీడియోలో చూశాం. నిజమేనా డాక్టర్ గారూ? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: రేడియేషన్ ఒక్కసారే ఇస్తారమ్మా, అంతవరకు నిజం. ఇంజెక్షన్లు మాత్రం ఆగిపోవు, మహా అయితే కొన్ని తగ్గుతాయి.

ఈ జబ్బులో మాక్యులా (కంటి వెనక తెర అయిన రెటీనాలో సూటి చూపునిచ్చే మధ్యభాగం) కింద అక్కర్లేని కొత్త రక్తనాళాలు పుట్టి, వాటిలోంచి నీరు, రక్తం కారుతుంటాయి. ఇంజెక్షన్ ఆ కారడాన్ని ఆపుతుంది కానీ మందు పవర్ తగ్గగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ నాళాలనే దెబ్బతీస్తే పోలా అన్నది రేడియేషన్ వెనక ఆలోచన. మొదట్లో ఆపరేషన్ చేసి స్ట్రాన్షియం-90 ఉన్న పరికరాన్ని కంటి లోపలికి పెట్టి చూశారు, అది ఇంజెక్షన్ల ముందు నిలబడలేదు. తర్వాత వచ్చిన పద్ధతిలో కోత లేదు. మనిషి గడ్డం ఆనించి కూర్చుంటే, కన్ను కదలకుండా ఒక లెన్స్‌తో పట్టి ఉంచి, కింది తెల్లగుడ్డు మీదుగా మూడు సన్నటి ఎక్స్‌రే కిరణాలు మాక్యులా దగ్గర కలిసేలా పంపుతారు. డోసు 16 గ్రే (రేడియేషన్‌ను కొలిచే యూనిట్). కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

బ్రిటన్‌లో 411 మంది మీద చేసిన స్టార్ ట్రయల్ ఫలితాలు 2024లో లాన్సెట్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. రెండేళ్లలో రేడియేషన్ తీసుకోని వాళ్లకు సగటున 13 పైచిలుకు ఇంజెక్షన్లు పడితే, రేడియేషన్ తీసుకున్నవాళ్లకు పదకొండు దాకా పడ్డాయి. చూపు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. ఆ వీడియోలో చెప్పనిది ఇంకోటుంది: రేడియేషన్ పడిన కళ్లలో 35 శాతంలో రెటీనా సన్న రక్తనాళాల్లో మార్పులు కనిపించాయి, పడని కళ్లలో 12 శాతం. చాలామందికి దానివల్ల చూపు తగ్గలేదు, అయినా నాన్నగారికి షుగర్ ఉండి రెటీనా ఇప్పటికే దెబ్బతిని ఉంటే ఈ ఆలోచనే వద్దు.

పైగా మన రెటీనా క్లినిక్‌లలో ఇది రోజూ చేసే చికిత్స కాదు. దాన్ని వెతుక్కుంటూ రెండు ఇంజెక్షన్లు తప్పించారనుకోండి, ఆలోగా మాక్యులాలో మచ్చ కడితే పోయిన చూపు తిరిగి రాదు. అంతకంటే ఇప్పుడు ఏ మందు వేస్తున్నారో చీటీలో చూసి, అఫ్లిబర్సెప్ట్‌కో ఫారిసిమాబ్‌కో మారిస్తే ఇంజెక్షన్ల మధ్య ఎడం పెరుగుతుందేమో మీ డాక్టర్‌ని అడగండి. ఖర్చు ఎక్కువే, ముందే మాట్లాడుకోండి. సూది భయమైతే మత్తు చుక్కలు వేశాక ఇంకాస్త ఆగి వేయమని చెప్పండి. చాలామందిని బాధపెట్టేది సూది కాదు, ముందు కడిగే అయోడిన్ మంట. వేసిన తర్వాత కాసిని కృత్రిమ కన్నీటి చుక్కల మందుతో బాగా కడగమంటే అది తగ్గుతుంది. ఇంజెక్షన్ తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు మసకబారితే మాత్రం అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఎడమ కన్ను సంగతి మీరు రాయలేదు. రోజూ కుడి కన్ను మూసి తలుపు ఫ్రేమ్ వైపు చూడమనండి, నిలువు గీత వంకరపోయినట్టు అనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీయించండి. సిగరెట్ అలవాటుంటే మానిపించండి.