అమ్మను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న (2021లో, కరోనా రోజుల్లో వచ్చినది): డాక్టర్ గారూ, మా అమ్మకు 66 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, బీపీ మాత్రలు వాడుతోంది. కరోనా మొదలైనప్పటి నుంచి గడప దాటలేదు. పెళ్లైన కొత్తలో నాన్నతో కలిసి చూసిన సాలార్‌జంగ్ మ్యూజియం గడియారాన్ని మళ్లీ ఒక్కసారి చూడాలని ఉందంటోంది. కోవిషీల్డ్ రెండో డోసు వేయించి పది రోజులైంది. మా పాపకు తొమ్మిదేళ్లు. ముగ్గురం కలిసి వెళ్లొచ్చా? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సలహా: వెళ్లండమ్మా. కాకపోతే ఈ వారం వద్దు. రెండో డోసు తర్వాత శరీరంలో రక్షణ బాగా పెరగడానికి రెండు వారాలు పడుతుంది. ఇంకో వారం ఆగితే ఆ గడువు దాటిపోతుంది. ఈలోగా అమ్మగారికి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. గత రెండు మూడు నెలల్లో షుగర్ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అది. "లాక్‌డౌన్‌లో ల్యాబ్‌కు వెళ్లలేదండీ, పాత చీటీ మీదే మాత్రలు తెచ్చుకుంటున్నా" అనే పెద్దవాళ్లను ఈ ఏడాది నేను చాలామందిని చూశాను. షుగర్ అదుపు తప్పి ఉన్నప్పుడు కరోనా సోకితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. ఫలితం 9, 10 దగ్గర ఉంటే ముందు దాన్ని దారికి తెచ్చుకుని, తర్వాత వెళ్దురుగాని.

టీకా రెండు డోసులూ పడ్డాయి కదా, ఇక భయం లేదనుకోవద్దు. జబ్బు తీవ్రం కాకుండా టీకా బాగా కాపాడుతుంది. అసలు సోకకుండా మాత్రం పూర్తిగా ఆపలేదు. పాపకు ఇంకా టీకా లేదు. పిల్లల్లో చాలావరకు తేలిగ్గానే తగ్గిపోతుంది, కానీ పాప నుంచి అమ్మమ్మకు అంటుకోవచ్చు. అందుకే పాప మాస్కు గురించి కూడా అంతే పట్టింపుగా ఉండండి.

మ్యూజియం అనగానే చాలామంది అద్దాల పెట్టెలు, మెట్ల పక్క కమ్మీలు ముట్టుకుంటే ఏమవుతుందోనని భయపడతారు. చేతులు కడుక్కోండి, మంచిదే. అంతకన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది గాలి విషయంలో. ఇంట్లో సాంబ్రాణి వేసినప్పుడు చూడండి. కిటికీలు తెరిచి ఉంటే పొగ కాసేపటికి పోతుంది, తలుపులు మూస్తే గదంతా కమ్ముకుని అలాగే ఉండిపోతుంది. మనం మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు నోట్లోంచి వచ్చే సన్నటి తుంపరలు కూడా మూసిన హాలులో అలాగే తేలుతూ ఉంటాయి. ఎత్తైన పైకప్పు, నలుగురైదుగురు మనుషులు ఉన్న పెద్ద హాలులో ఇబ్బంది తక్కువ. అదే హాలులో వంద మంది ఒకచోట గుమిగూడితే లెక్క మారిపోతుంది.

సాలార్‌జంగ్‌లో అలా గుమిగూడేది సరిగ్గా మీ అమ్మగారు చూడాలనుకుంటున్న గడియారం దగ్గరే. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. మధ్యాహ్నం 12కు పన్నెండు సార్లు కొడుతుంది కాబట్టి దాన్ని చూడ్డానికి జనం ఎగబడతారు. ఆ సమయానికి మీరు అక్కడ ఉండకూడదు. శని, ఆదివారాలు వదిలేయండి. శుక్రవారం ఎలాగూ సెలవు. మామూలు రోజున పొద్దున్నే తెరిచే వేళకు చేరుకుని, 11 గంటలకు కొట్టేటప్పుడు వెనకాల దూరంగా నిలబడి చూపించండి. సుత్తి పట్టుకున్న ఇంకో బొమ్మ క్షణక్షణానికీ కొడుతూనే ఉంటుంది, దాన్ని పాప తీరిగ్గా చూడొచ్చు. ఎందుకైనా మంచిది, బయలుదేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు తెరిచి ఉందో, టికెట్లు ఎలా ఇస్తున్నారో కనుక్కోండి.

మ్యూజియం అంతా తిరగాలని పెట్టుకోవద్దు. అక్కడ ముప్పైకి పైగా గ్యాలరీలున్నాయి, మామూలు రోజుల్లోనే ఒక పూటకు తెమలవు. గడియారం తర్వాత ఒక్క మేలిముసుగు రెబెక్కాను చూసి వచ్చేయండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను నిజాం ప్రధానిగా పనిచేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. రాతి ముసుగులోంచి ముఖం కనిపిస్తుంటే ఎవరైనా ముందుకు వంగి చూస్తారు. నేను కూడా ఎప్పుడు వెళ్లినా అక్కడే ఆగిపోతాను. ముందున్నవాళ్లు ఫోటోలు దిగుతుంటే బయటే ఆగి, వాళ్లు కదిలాక వెళ్లండి. మొత్తం గంటన్నరలో బయటపడితే బాగుంటుంది.

మాస్కు మాటకొస్తే, అమ్మగారికి ఎన్95 తీసుకోండి, ముందు గుండ్రటి వాల్వు ఉన్నది మాత్రం వద్దు. కళ్లజోడు ఉంటే పెట్టుకుని ఊపిరి వదలమనండి. అద్దాలకు ఆవిరి పడితే ముక్కు దగ్గర గాలి కారుతోందని అర్థం. పైనున్న తీగను ముక్కుకు ఆనేలా నొక్కి మళ్లీ చూడండి. మాస్కు వల్ల ఆక్సిజన్ తగ్గిపోతుందన్న మాట నమ్మకండి. లోపల తినడానికి మాస్కు తీయకుండా, టిఫిన్, మాత్రలు ఇంట్లోనే కానిచ్చి బయలుదేరండి. కళ్లు తిరిగితే వెంటనే నోట్లో వేసుకోవడానికి చక్కెర బిళ్లలు మీ బ్యాగులో ఉండాలి.

పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, బయటికెళ్తే బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. బీపీ మాత్ర కూడా ఆ పూటకు దాచేస్తారు. మీకు చెప్పకుండానే చేస్తారు. మీరే దగ్గరుండి మాత్ర వేయించండి, నీళ్లు తాగించండి. ఏడాదిన్నరగా నడవని కాళ్లు కదా, మెత్తటి పాత చెప్పులే వేయించండి. ఇంటికొచ్చాక అరికాళ్లు మీరే చూడండి. షుగర్ ఉన్నవాళ్లకు బొబ్బ లేచినా నొప్పి తెలియకపోవచ్చు.

వెళ్లే రోజు ఇంట్లో ఎవరికి జలుబు చేసినా, గొంతు గరగరలాడినా ప్రయాణం మానేయండి. వెళ్లొచ్చాక రెండు వారాలు గమనించండి. అమ్మగారికి జ్వరం, దగ్గు, బాగా నీరసం వస్తే పరీక్ష చేయించండి. ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చినా లక్షణాలు ఉంటే ఆర్‌టీపీసీఆర్ తప్పనిసరి. ఆక్సీమీటర్‌లో (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే పరికరం) 94 కన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా నాకు ఉత్తరం రాసి ఎదురుచూడకండి, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.