నాస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, డిస్కులు కాదు

ప్రశ్న: ఖమ్మంలో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీస్తాను. ఏడాదికి నలభై పెళ్లిళ్ల దాకా వస్తాయి. ఒక్కో పెళ్లికి 180 జీబీ డేటా అవుతుంది. 2021 నుంచి తీసినవన్నీ రెండేసి టీబీల ఎక్స్‌టర్నల్ డిస్కులు పద్నాలుగింటిలో ఉన్నాయి. మొన్న అందులో ఒకటి ఓపెన్ కాలేదు. అప్పటి నుంచి టెన్షన్. డీలరు నాలుగు డిస్కులు పట్టే బ్రాండెడ్ నాస్ (డిస్కులన్నీ ఒకచోట పెట్టి నెట్‌వర్క్ మీద వాడుకునే డబ్బా) 1,48,000కు ఇస్తానంటున్నాడు. నెలకు 7,100 చొప్పున 24 వాయిదాలు. మా బావమరిదేమో పాత ఎడిటింగ్ కంప్యూటర్‌లో దాన్ని నాస్‌గా మార్చే ట్రూనాస్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సాఫ్ట్‌వేర్‌కు పైసా అక్కర్లేదు, మొత్తం 76 వేలలో అయిపోతుందంటున్నాడు. బ్యాంకులో 1,10,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 38 వేలు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది మాటే వినండి. కానీ అతను చెప్పినంత తొందరగా వద్దు.

ముందు కార్డు సంగతి. బాకీ మీద చాలా కార్డులు నెలకు మూడు, మూడున్నర శాతం వేస్తాయి. ఏడాదికి 36 నుంచి 42 శాతమన్నమాట. ఏ నాస్ కొన్నా ఆ వడ్డీని మించిన ఆదా చూపించలేదు. ఈ నెలలోనే 38 వేలూ కట్టేయండి. మిగిలిన 72 వేలు ఇంటి ఖర్చుకు రక్షణగా ఉంచండి, డిస్కుల కోసం కదపకండి.

డీలరు వాయిదాలు కలిపితే 1,70,400. అంటే 22,400 వడ్డీ. సుమారు 14 శాతం పడుతుంది, మరీ దారుణమేమీ కాదు. అసలు చిక్కు మీ ఆదాయం వచ్చే తీరులో ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పుష్యంలో ఉండవు, శుక్ర మూఢం వస్తే మంచి నెలలు కూడా ఖాళీగా పోతాయి. మూఢమని ఫైనాన్స్ కంపెనీ వాయిదా వదిలిపెట్టదు కదా. ఆ నెలల్లో 7,100 మళ్లీ కార్డు మీద నుంచే వెళ్తుంది.

ఇక ఉచితం సంగతి. మీ బావమరిది 76 వేల లెక్క చూశాను: 12 టీబీ డిస్కులు రెండు (ఒకదానికి నకలుగా ఇంకొకటి), ఒక్కోటి 32 వేలు; ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్ కలిపి 12 వేలు. ఇందులో సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. నిజమే. కానీ ఖర్చులో ఎక్కువ భాగం డిస్కులది, అది ఏ దారిలో వెళ్లినా తప్పదు. అతను లెక్కలో వేయనిది కరెంటు. పాత కంప్యూటర్ 60 వాట్లు తీసుకుంటూ రాత్రింబవళ్లు నడిస్తే ఏడాదికి 525 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే 5,250. స్టూడియో కట్టేసేటప్పుడు దాన్నీ ఆపేస్తే ఇందులో సగానికి పైగా మిగులుతుంది. మీకు అర్ధరాత్రి ఫైళ్లతో పనేముంది?

ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంతకాలం నమ్మొచ్చని మీకు అనుమానం రావచ్చు. ట్రూనాస్ మొదట ఫ్రీనాస్ అనే పేరుతో 2005లో మొదలైంది. తర్వాత అమెరికాలోని ఐఎక్స్‌సిస్టమ్స్ అనే కంపెనీ దాన్ని చేతిలోకి తీసుకుని, 2020లో ట్రూనాస్ అని పేరు మార్చింది. పెద్ద సంస్థలకు మెషిన్లు, సపోర్ట్ అమ్ముకుని సంపాదిస్తుంది, మనలాంటివాళ్లకు సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తుంది. మధ్యలో దారి కూడా మార్చింది. మొదట్నుంచీ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచినదాన్ని పక్కనపెట్టి ఇప్పుడు లినక్స్ మీద నడిచేదాన్నే ముందుకు తీసుకెళ్తోంది. వాడేవాళ్లకు ఇది కొంత తలనొప్పే. అయినా డేటా పోలేదు, ఎందుకంటే రెండింటిలోనూ ఫైళ్లు దాచే పద్ధతి జెడ్‌ఎఫ్‌ఎస్సే. మీకు డబ్బు లెక్కలో పనికొచ్చే విషయం కూడా ఇదే: కంప్యూటర్ కాలిపోతే డిస్కులు ఊడదీసి, ట్రూనాస్ వేసిన ఇంకో కంప్యూటర్‌కు తగిలించి తెరుచుకోవచ్చు. అదే కంపెనీ డబ్బా మళ్లీ కొనాల్సిన పని లేదు. బ్రాండెడ్ వాటిలో ఆ కట్టు ఎలా ఉంటుందో 2025లో చూశాం. నాస్‌లు అమ్మే సైనాలజీ కంపెనీ తన కొత్త ప్లస్ మోడళ్లలో తాము ఆమోదించిన డిస్కులే వాడాలన్నట్టు నిబంధన పెట్టి, కొనేవాళ్లు మండిపడ్డాక అదే ఏడాది సడలించింది.

మీ కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ కూడా లేకపోతే ట్రూనాస్ వద్దు, ఓపెన్‌మీడియావాల్ట్ వేయండి. అదీ ఉచితమే, డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, పాత మెషిన్లతో సర్దుకుంటుంది.

ఇప్పుడు ఎవరూ మిమ్మల్ని అడగని ప్రశ్న నేను అడుగుతాను. 2021లో పెళ్లయినవాళ్ల రా ఫుటేజీ (ఎడిట్ చేయని అసలు ఫైళ్లు) మీ దగ్గర ఇంకా ఎందుకుంది? ఆల్బమ్, పెన్‌డ్రైవ్ ఎప్పుడో ఇచ్చేశారు. ఎప్పుడైనా అడుగుతారేమోనన్న మొహమాటంతో దాచిపెట్టారు. ఆ మొహమాటం ఖరీదు లెక్కేద్దాం. ఏడాదికి 7.2 టీబీ చేరుతుంది. 12 టీబీ డిస్కును ఎనభై శాతం దాకా నింపుకోవచ్చనుకుంటే, ఏదీ చెరపకపోతే పదహారు నెలలకోసారి ఇంకో జత డిస్కులు కావాలి. జత 64 వేలు. అదే, ఆల్బమ్ అందిన ఆరు నెలలకు రా ఫుటేజీ చెరిపేసి, ఫైనల్ వీడియో, ఎంపిక చేసిన ఫొటోలు మాత్రం ఉంచితే పెళ్లికి 25 జీబీ చాలు. ఏడాదికి ఒక్క టీబీ.

కాబట్టి బుకింగ్ కాగితంలో ఈ గడువు స్పష్టంగా రాయండి. ఆరు నెలలు దాటి ఉంచాలంటే విడిగా చార్జీ. మామూలు ప్యాకేజీలోనూ 'డేటా భద్రత' అని వెయ్యి రూపాయలు కలపండి. లక్షలు పెట్టి మంటపం కట్టించేవాళ్లు వెయ్యి దగ్గర ఆగరు. నలభై పెళ్లిళ్లకు 40 వేలు, తర్వాతి డిస్కు ఖర్చు దానంతటదే వచ్చేస్తుంది. పాత కస్టమర్లకు చెరిపే ముందు వాట్సాప్‌లో నెల రోజుల గడువిచ్చి మెసేజ్ పెట్టండి. చెప్పకుండా చెరిపితే మాటొస్తుంది.

కొనడం విడతలవారీగా చేయండి. వచ్చే ముహూర్తాల అడ్వాన్సుల్లోంచి మొదట ఒక డిస్కు, యూపీఎస్, ర్యామ్ లాంటివి: 44 వేలు. సీజన్ అయ్యాక రెండోది 32 వేలు. ట్రూనాస్‌లో ఒక్క డిస్కుతో మొదలుపెట్టి, తర్వాత రెండోదాన్ని జతచేసి మిర్రర్‌గా, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా, మార్చుకోవచ్చు, మళ్లీ ఖాళీ చేసి మొదలుపెట్టనక్కర్లేదు. రెండోది వచ్చేదాకా పాత ఎక్స్‌టర్నల్స్‌లో ఉన్నదేదీ చెరపకండి, పాత కస్టమర్లకు మెసేజ్ కూడా ఆ తర్వాతే.

మిర్రర్ అంటే బ్యాకప్ అనుకునేరు. ఒక డిస్కు చెడిపోతే రెండోది కాపాడుతుంది, అంతే. దొంగతనం జరిగినా, మీ కుర్రాడు పొరపాటున ఫోల్డర్ చెరిపినా రెండింటిలోనూ పోతుంది. చెరిపినదాన్ని స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఒక సమయానికి ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకునే ఏర్పాటు) పెట్టుకుంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. దొంగతనానికి, అగ్నిప్రమాదానికి మాత్రం స్టూడియో బయట ఇంకో కాపీ ఉండాల్సిందే. దానికి కొత్తగా ఏమీ కొనొద్దు. మీ పద్నాలుగింటిలో బాగున్నవి ఏరి, డెలివరీ కాని పెళ్లిళ్లు, ఫైనల్స్ వాటిలో వేసి ఇంట్లో పెట్టండి. నెలకోసారి కొత్తవి చేర్చండి.

పన్ను విషయం రెండు ముక్కల్లో: పుస్తకాలు రాసి లెక్క చూపిస్తుంటే కంప్యూటర్ సామాగ్రి మీద 40 శాతం తరుగుదల వస్తుంది, కొన్న ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. ప్రిజంప్టివ్ పద్ధతిలో (పుస్తకాలు లేకుండా, వచ్చినదాంట్లో ఇంత శాతం లాభమని చూపించడం) రిటర్న్ వేస్తుంటే విడిగా ఏమీ రాదు. పన్ను మిగులుతుందని మార్చిలో హడావిడిగా కొనకండి.

ఒక్క పైసా పెట్టకముందే, పని చేస్తూ, అవసరం లేక పక్కనపెట్టిన డిస్కులు రెండు తగిలించి ట్రూనాస్ వేసి వారం రోజులు నడిపి చూడండి. ఒకటి సాఫ్ట్‌వేర్‌కు, ఒకటి డేటాకు. రెండింటిలో ఉన్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. మీ బావమరిది వేస్తుంటే పక్కనే కూర్చోండి. డిస్కు చెడిపోతే స్క్రీన్ మీద 'డిగ్రేడెడ్' అని వస్తుంది, మెయిల్ కూడా పంపుతుంది, అయితే ఆ మెయిల్ సెట్టింగ్ మనమే పెట్టాలి. అతని ఐడీ కాకుండా మీ మెయిల్ ఐడీ ఇవ్వండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మీ ఆవిడ దగ్గర ఉంచండి. అతను రేపు ఉద్యోగం మారి ఏ బెంగళూరో వెళ్తే, పెళ్లికూతురి తండ్రి ఫోన్ మీకే వస్తుంది.